తొమ్మిది కిలోవాట్లు

కొరట్టూరులో మా కారు షెడ్డులో ఇప్పుడు కారు లేదు.
అమ్మేసి, అంబత్తూరులో మూతబడిన ఫ్యాక్టరీ నుంచి
ఒక రంపం బల్ల తెచ్చుకున్నాను. మూడు హార్స్‌పవర్.
దాని నుదుట ఇంకా
ఎవరో పెట్టిన ఆయుధపూజ కుంకుమ.

మొదటిరోజు స్విచ్చి వేయగానే
ఇంట్లో ట్యూబ్‌లైటు రెప్ప వాల్చింది,
ఫ్రిజ్ గొంతు సవరించుకుంది,
పక్కింటి అముదవల్లి గారు పిట్టగోడ మీంచి తొంగిచూసి
"ఎన్నమ్మా, మీకూ లో ఓల్టేజా?" అన్నారు.
అవునండీ అన్నాను.
కారణం నేనేనని చెప్పలేదు.

మీటరు పెట్టె మీద పాత పెయింటు రాత: 3 కి.వా.
ఇల్లు కట్టిన ఏడు మా మామగారు వేసిన లెక్క.
నాలుగు ఫ్యాన్లు, ఒక గ్రైండరు, ఒక ఇస్త్రీ పెట్టె.
అందులో రంపం లేదు.
నేనూ లేను, అప్పటికింకా కోడలిగా రాలేదు కదా.

మా మరిది ఓబుళరెడ్డి ఫోనులోనే తేల్చేశాడు:
"పదిహేను రాయించు వదినా, పీడా పోతుంది."
డిపాజిట్టు కట్టేది అతను కాదు.

దైవసహాయం వచ్చాడు, హార్బరులో ఓడల మధ్య పని నేర్చినవాడు.
వడ్రంగికి పెన్సిలుండే చోట, చెవి వెనక, అతనికి టెస్టరు.
నా నోటుబుక్కు తీసుకుని పైకి చదివాడు.
రంపం రెండు పాయింట్ రెండు,
చిత్రిక మిషను ఒకటిన్నర, కంప్రెసరు ఒకటిన్నర,
పొట్టు పీల్చేది ఒకటీ చిల్లర, లేతు ముప్పాతిక.
మేడమీది ఏసీ, గీజరు, మిగతా ఇల్లు నాలుగు.
కింద గీత గీసి పదకొండు వేసి ఉంచాను,
బళ్ళో లెక్క చూపించే పిల్లలా.

అతను కూడిక చూడలేదు. నన్ను చూశాడు.
"అమ్మా, మీకెన్ని చేతులు?"

రెండు.

"మరి రంపం తోస్తూ లేతు తిప్పలేరు.
చిత్రిక లేస్తే రంపం పడుకోవాలి.
పొట్టు మిషను దేనికైనా తోకలాగా వెంట ఉంటుంది.
కంప్రెసరొక్కటే, మీరు పిలవకుండా తనే లేస్తుంది.
దాన్ని మాత్రం మరిచిపోవద్దు."

కొట్టివేతలు పోగా షెడ్డుకి ఐదు.
ఇంటికి రెండు, గీజరు వేళ రంపం ముట్టనని ఒట్టు మీద.
రేపు ఏం కొనబుద్ధవుతుందో ఎవరికి తెలుసు, పావువంతు అదనం.
తొమ్మిది. మూడు ఫేజులు.

మీటరు నుంచి షెడ్డుకి నలభై అడుగులు.
సన్నతీగ వేస్తే కరెంటు దారిలోనే ఆయాసపడుతుందట.
లేచేటప్పుడు ఏ మోటారుకైనా ఆరింతల ఆకలట,
ఒక్క క్షణమే,
ఆ క్షణానికి కంగారుపడని బ్రేకరు కావాలట.
ఎవరి గురించి చెబుతున్నాడోనని ఒకసారి అనుమానం వచ్చింది.

ఈబీ ఆఫీసులో ఫారం తిరగేసిన గుమాస్తా:
"ఇంట్లో త్రీ ఫేజా? వ్యాపారమా?"
కాదు.
"మరి?"
బొంగరాలు. చపాతీ కర్రలు. ఒక కుర్చీ, సగం అయింది.
అతను పెన్ను ఎత్తి కాసేపు ఫ్యాను వంక చూసి
గృహ వినియోగం అని రాసుకున్నాడు.

ఐదు వారాలు పట్టింది. రెండు వాయిదాలు, ఒక వాన.

ఇవాళ రంపం లేచింది. ట్యూబ్‌లైటుకి తెలియలేదు.
అముదవల్లి గారి మిక్సీ ఆగకుండా పచ్చడి రుబ్బుతూనే ఉంది.
మామగారి రాత చెరపలేదు, దాని కింద నా అంకె రాయించాను.
పెయింటు కాస్త కారి తొమ్మిదికి తోక పొడుగైంది.

ఎండాకాలం ఎర్తు గుంత ఎండకూడదన్నాడు దైవసహాయం.
కరివేప మొక్క పక్కన, ఉప్పూ బొగ్గూ నింపిన ఆ గుంతలో
సాయంత్రం ఒక బిందె నీళ్ళు పోశాను.
గుటకలు వేస్తూ తాగింది.
ఇంకో బిందె తెచ్చాను.